సగం కోత

పోయిన వారం మనం కోటేషుని అద్దంకి రోడ్డు మీద వదిలేశాం. భుజాన పాత రంపం మిషను, చేతిలో పెట్రోలు సీసా, నెత్తిన ఎండ. వెనకాల పాతిక గజాల దూరంలో ముఠా మేస్త్రీ సంజీవరావు బండి మీద నడక వేగాన వస్తున్నాడు, వీడు దారిలో మిషనుకి ఏదైనా మతలబు చేస్తాడేమోనని.

వెనకటి భాగాలు చదవనివాళ్లకి రెండు ముక్కలు. ఇరవై రోజుల కిందట సుబాబుల్ తోట గట్టు మీద, ఎవరూ పట్టించుకోక మనిషి కౌగిలికి అందనంత లావెక్కిన చెట్టొకటి కొడుతున్నారు. కోటేషు సగం కోశాడు. చెట్టు తలకి కట్టి దూరం నుంచి లాగే తాడు పట్టింది వాడి బావ యలమంద. కోటేషు చెట్టు దగ్గర్నుంచి ఇరవై అడుగులు పక్కకి పోయాడు, గాలొచ్చింది, చెట్టు పడింది. పడే చోట యలమంద ఉన్నాడు. కాలు నుజ్జయింది, తలకి దెబ్బ తగిలింది. తాడు కొసన ఉండాల్సిన మనిషి చెట్టు మొదట్లోకి ఎందుకొచ్చాడన్నది ఎవరికీ తెలియదు.

కోటేషు మాట ఒకటే: "మిషను వేడెక్కి ఆగిపోయింది. తడి గోతం తెచ్చి కప్పుదామని నీళ్ల డబ్బా దగ్గరికి పోయా." ముఠా మాట ఇంకొకటి: "సగం కోత మీద చెట్టుని వదిలేసి ఫోను మాట్లాడటానికి పోయాడు." ఫోను వచ్చిన మాట నిజమే. పెళ్లాం మాధురి చేసింది, పిల్లకి జ్వరమని. చెట్టు పడేసరికి ఫోను వాడి చెవి దగ్గరుంది. పదిమంది చూశారు. మిషను ఆగటం ఎవరూ చూడలేదు. అందుకని ఆ మర్నాటి నుంచి కోటేషు ఫోను ముట్టలేదు. ఆపు చేసి బియ్యం డబ్బాలో పడేశాడు.

ఇవాళ మిషను నలుగురి ముందు ఆగిందా, ముఠాలో వాడి చోటు వాడిది. ఆగలేదా, వాడు కోసే చెట్టు కింద ఇక ఎవరూ తాడు పట్టరు. తాడు పట్టే మనిషి లేని కోతగాడు ఎద్దు లేని కాడితో సమానం.

అలీ సాహెబు కొట్టు ముందు తైవాన్ స్ప్రేయర్లు వరసగా బోర్లించి ఉన్నాయి. మిరప కోతలైపోయాయి, పత్తి ఇంకా పెట్టలేదు, రైతులు మందు కొట్టే మిషన్లని బాగుకిచ్చే కాలం. ఎదురుగా కల్లంలో మిరపకాయలు ఎండబోశారు. గాలి తిరిగినప్పుడల్లా అందరూ ఒకేసారి దగ్గుతున్నారు.

సాహెబుకి రెండు కళ్లలోనూ శుక్లాలు. మంచం మీద కూర్చుని చెవితో బాగు చేస్తాడు. చెయ్యి మాత్రం కోడలు జుబేదాది. చున్నీ నడుముకి బిగించి, పానాల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది.

"చెప్పయ్యా రోగం," అన్నాడు సాహెబు.

"వేడెక్కితే ఆగిపోద్ది సాయిబుగారూ. మళ్లీ ఎంత లాగినా లేవదు. చల్లబడితే ఏమీ ఎరగనట్టు ఒక్క లాగుకే లేస్తది."

"ఎక్కడెక్కడ చూపించావు?"

"అద్దంకిలో ఇద్దరికి. ఒకాయన కార్బొరేటరు కడిగాడు. ఇంకొకాయన ప్లగ్గు మార్చాడు. ఇద్దరూ పొద్దున్నే లాగారు, స్టార్టయింది. బాగానే ఉంది పోవయ్యా అన్నారు."

"అంటే జ్వరం లేనప్పుడు డాక్టరు దగ్గరికి తీసకపోయావు."

సంజీవరావు బండి స్టాండేసి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, నాలుగు ఊళ్ల ముఠాలకి పెద్ద. "ఆ జ్వరం మిషనుకో మనిషికో, అదే తేలాలి సాయిబూ. అందుకే సాక్షుల్ని తెచ్చా," అన్నాడు.

సాక్షులు అప్పటికే రేకుల పంచలో గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒకడు బుల్లయ్య, ముఠాలో పాతికేళ్లుగా తాడు పట్టినవాడు. ఇంకొకడు మార్కు, యలమంద మంచాన పడ్డాక అతని చోట్లోకి వచ్చినవాడు. బుల్లయ్య బీడీ ముట్టిస్తే మార్కు అగ్గిపెట్టె అడ్డం పెట్టాడు.

జుబేదా స్టార్టరు తాడు లాగింది. మిషను మొదటి లాగుకే గుర్రుమంది.

"అబ్బో!" అన్నాడు బుల్లయ్య. "అత్తారింట్లో కొత్తల్లుడు పలికినట్టు పలికింది గదరా! ఇదా నీ రోగిష్టిది?"

కోటేషు మిషను అందుకున్నాడు. పెరట్లో రెండు దిమ్మెల మీద అడ్డంగా పడేసిన తుమ్మ మొద్దు ఉంది. కోయటం మొదలుపెట్టాడు. ఒక ముక్క, రెండు ముక్కలు, అయిదు, పది. పొట్టు మోకాళ్ల దాకా పడింది. చెమట కళ్లలోకి దిగుతుంది. మిషను పొగ కక్కుతుంది, వేడికి చేతి తొడుగులోంచి కూడా సెగ తగులుతుంది. ఆగదే! పదిహేనేళ్లుగా పొద్దున్నే దానికి దణ్ణం పెట్టి, ఇవాళ ఆగకుండా ఆడమ్మా అని మొక్కేవాడు. ఇవాళ మొదటిసారి, చావవే తల్లీ, ఒక్కసారి చచ్చి చూపించవే అని పళ్లు కొరుకుతున్నాడు. అది విన్లేదు.

"అన్నా, కట్టెలు మాత్రం బాగా వస్తన్నయ్," అన్నాడు మార్కు. "సాయిబుగారి పొయ్యికి ఏడాది దాకా దిగుల్లేదు."

సంజీవరావు ఫోనులో టైము చూసుకున్నాడు. "నలభై నిమిషాలు. ఇంకా ఎంత వేడెక్కాలిరా? దాని మీద అట్టు పోసుకోవచ్చు ఇప్పుడు."

కోటేషుకి అరికాళ్ల నుంచి మంట లేచింది. "ఆగుద్ది మేస్త్రీ. ఆగుద్ది. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల్ని ఎందుకులే మధ్యలో. పాపం వాళ్లేం చేశారు."

అప్పుడు సాహెబు చెయ్యెత్తాడు. "ఒరే అబ్బాయ్, నువ్వు కట్టెలు కోస్తన్నావు. నేను అడిగింది కట్టెలు కాదు. తోటలో చెట్టెట్టా కోస్తావో చెప్పు."

"చెప్పేదేముంది. సగం దాకా పోతా. అక్కడ మిషన్ని నెమ్మది చేసి చెట్టు మాట వింటా."

"వినటమంటే?"

"సగం తెగిన చెట్టు లోపల్లోపల చిటుక్కుమంటది సాయిబుగారూ. ఎటు వాలాలనుకుంటందో ఆ చప్పుడులో తెలుస్తది. చెవి ఆనిచ్చి, కోతలోకి చెక్క దూర్చి, అప్పుడు మిగతా సగం."

"ఎంతసేపు?"

"సగం బీడీ తాగేంత."

సాహెబు నవ్వాడు. పై పళ్లు రెండే ఉన్నాయి. "అదీ సంగతి. పరిగెత్తేవాడికి చెమట తెలవదు, నిలబడ్డాక కారుద్ది. మిషను ఆడుతున్నంతసేపూ దాని రెక్కల గాలి దానికి తగులుద్ది. నువ్వు నెమ్మది చేస్తే గాలి తగ్గుద్ది, సిలిండరు సెగంతా పక్కకి పాకుద్ది. అద్దంకివాళ్లు చల్లగా చూశారు, నువ్వు ఉరికిస్తా చూపిస్తన్నావు. దాని రోగం రెండింటి మధ్యలో ఉంది. ఆ రోజు ఎట్టా కోశావో అట్టా కొయ్యి. ఒక్క అడుగు తేడా రాకూడదు."

కోటేషు నుదురు తుడుచుకున్నాడు. మొద్దుకి లావైన వైపు చూసుకున్నాడు. కాళ్లు ఆ రోజులాగే ఎడంగా పెట్టాడు. రంపం దిగింది. సగం దాకా పోయి, యాక్సిలేటరు వదిలాడు. మిషను గుటగుటమంటుంది. ఒంగి, మొద్దు దగ్గరగా చెవి పెట్టాడు. ఎండిన తుమ్మకి మాటేముంటుంది! అయినా విన్నాడు. వింటుంటే సుబాబుల్ తోట ముందుకొచ్చింది. అవతల ముఠాకి ఇంకేమీ వినపడనివ్వని ట్రాక్టరు చప్పుడు, ఆకుల గలగల, నలభై అడుగుల దూరాన తాడు నడుముకి చుట్టుకుని నిలబడ్డ బావ. చెయ్యి తనంతట తానే చెక్క కోసం వెతికింది.

మిషను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. చచ్చింది.

"ఆగిందీ!"

గొంతు చించుకుని కేకేశాడు కోటేషు. ఇరవై రోజుల ఉక్రోషమంతా ఆ కేకలో ఉంది. గెలిచిన కోడిపుంజులా మెడ ఎత్తి మేస్త్రీ వైపు తిరిగాడు.

తిరిగి, అట్టాగే నిలబడిపోయాడు.

రేకుల పంచలో బుల్లయ్య లేచి నిలబడి ఉన్నాడు. మార్కూ లేచాడు. బుల్లయ్య బీడీ నోట్లోనే పెట్టుకుని నాలుగడుగులు మొద్దు వైపు వచ్చేశాడు, మార్కు ఆరడుగులు. మార్కు రెండు చేతులూ నడుము దగ్గర, లేని తాడుని విప్పుతున్నట్టు ఆడుతున్నాయి.

"ఎక్కడికన్నా లేచారు?" అంది జుబేదా.

మార్కు ఆగి, తన చేతులు తనే చూసుకున్నాడు. "ఏమో వదినా. ఎవరో పిలిచినట్టనిపిచ్చింది."

"కాళ్లు తిమ్మిరెక్కాయి," అన్నాడు బుల్లయ్య. ఇద్దరూ నవ్వుకుని మళ్లీ నీడకి పోయారు.

కోటేషు నవ్వలేదు. సంజీవరావు కూడా నవ్వలేదు. అతని చూపు మార్కు చేతుల మీద నుంచి నెమ్మదిగా కోటేషు మొహం మీదికి వచ్చి ఆగింది.

ముఠాలో కేకలు మూడే. "వత్తందీ" అంటే చెట్టు పడుతోంది, పారిపోండి. "లాగో" అంటే తాడు లాగండి. "ఆగింది" అంటే చెట్టు నిలదొక్కుకుంది, ఇప్పట్లో పడదు, తాడు వదిలేసి మొదట్లోకి వచ్చి చెక్క కొట్టటానికి సాయం పట్టండి. ఆ కేక వినపడితే తాడు మనిషి ఆలోచించడు. కాళ్లే నడుస్తాయి.

ఆ రోజు తోటలో మిషను చచ్చినప్పుడు తనేమన్నాడు? కోటేషు గుర్తు చేసుకోబోయాడు. గుర్తు చేసుకోవాల్సిన పని లేకపోయింది. ఇప్పుడే కదా అన్నాడు.

"ఇక అందరూ నోళ్లు మూసుకోండి, ఇది చల్లబడేలోపు తేలాలి," అని సాహెబు మంచం దిగాడు. ముసలాయనకి ఇరవై ఏళ్లు తగ్గిపోయాయి. "లాగమ్మా."

జుబేదా లాగింది. లేవలేదు. మేస్త్రీని లాగమంది. సంజీవరావు పాతికసార్లు లాగాడు, చొక్కా తడిసిపోయింది. లేవలేదు.

"టూ స్ట్రోకు మిషను చచ్చేది మూడింట్లో ఒకటి లేకనే," అన్నాడు సాహెబు. "చమురు, గాలి, నిప్పు. ట్యాంకు మూత తియ్యి."

చాలాసార్లు మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు దిగక మిషను చస్తుంది. అదే అయితే మూత తియ్యగానే బుస్సుమనాలి. జుబేదా చెవి దగ్గర పెట్టి తిప్పింది. "బుస్సు లేదు మామయ్యా."

"మూత మంచిదే. తాడు పట్టుకుని మిషన్ని వేలాడదియ్యి."

స్టార్టరు పిడి పట్టుకుని మిషన్ని గాల్లోకి వదిలింది. లోపల పిస్టను అరిగితే బావిలో చేదలా జర్రున దిగిపోతుంది. ఇది మెల్లిగా, బరువుగా, అంగుళం అంగుళం దిగింది.

"గాలి ఉంది. ప్లగ్గు విప్పు. తడా, పొడా?"

"తడి. పెట్రోలు వాసనొస్తంది."

"చమురూ ఉంది. ఇక మిగిలింది ఒకటే. ప్లగ్గుని ఇనుముకి ఆనిచ్చి లాగు. నీడలోకి పెట్టుకో."

జుబేదా చున్నీ కొంగు అడ్డం పెట్టి చూసింది. లాగింది. చీకటి. ఇంకో ప్లగ్గు పెట్టి లాగింది. చీకటే.

"నిప్పు లేదు మామయ్యా."

"ఇప్పుడు తడిగుడ్డ, ప్లగ్గుకి నిప్పు పంపే కాయిల్ మీద మాత్రం వెయ్యి. ఇంకెక్కడా తగలనీకు. అయిదు నిమిషాలు."

ఆ అయిదు నిమిషాలూ కోటేషు ఒకచోట నిలబడలేకపోయాడు. పెరటి ఈ కొసకి నడిచాడు, ఆ కొసకి నడిచాడు. తను మూడు వారాలుగా ఊరూవాడా మొత్తుకుంటున్న నిజం కళ్ల ముందు బయటపడుతోంది. అది బయటపడే కొద్దీ వాడి చూపు మార్కు చేతుల మీదికే పోతోంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ జారింది తన నోరు. పోయింది బావ కాలు.

"లాగు."

నీలం రవ్వ. టిక్కుమని, చిన్నది, జుబేదా కొంగు నీడలో. మళ్లీ లాగింది, మళ్లీ రవ్వ. ప్లగ్గు బిగించి లాగితే మిషను గుర్రున లేచింది.

"కాయిల్ లోపల వెంట్రుకంత తీగ ఉంటదయ్యా," అన్నాడు సాహెబు అందరికీ వినపడేట్టు. "ఎక్కడో పుటుక్కుమంది. సెగ తగిల్తే విడిపోద్ది, చల్లబడితే అతుక్కుంటది. నువ్వు తడి గోతం కప్పినప్పుడల్లా లేచేది అందుకే. వేడి చేసిన పిల్లాడికి మజ్జిగ తాగించినట్టు. రోగం మాత్రం లోపలే ఉంది. కొత్త కాయిల్ తెప్పించుకో. ఈ కుర్రాడు అబద్ధం ఆడలేదు మేస్త్రీ."

బుల్లయ్య వచ్చి కోటేషు వీపు మీద చరిచాడు. "ఒరేయ్, నన్ను చెప్పుతో కొట్టరా. ఫోను మాట్లాడటానికి పోయాడని ముందన్నది నేనే."

"నేనూ అన్నా," అన్నాడు మార్కు తల దించుకుని. "రేపట్నుంచి నీ తాడు నేను పడతా అన్నా."

సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రీగా చెబుతున్నా. కోటేషు మాట నిలబడింది. రేపు లారీ వచ్చేసరికి తోటలో ఉండాల." అని, మామూలుగా, "మొహం కడుక్కో, రా," అని భుజం మీద చెయ్యేసి నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు.

తొట్టి దగ్గర ఎవరూ లేరు. సంజీవరావు చేద ముంచి కోటేషు చేతుల మీద పోస్తూ, "చూశావా?" అన్నాడు.

"చూశా మేస్త్రీ."

"నేను చూళ్లేదు."

కోటేషు తలెత్తాడు.

"నువ్వు చూశావు, నేను చూళ్లేదు. వాళ్లిద్దరికీ ఎందుకు లేచామన్న సంగతే తెలవదు. అర్థమైందా?" నీళ్లు పోస్తూనే ఉన్నాడు. "ఆ కేక మా నాయన పెట్టిందిరా. గొడ్డళ్ల కాలం అది. అప్పుడు ఆగేది చెట్టొక్కటే. మిషన్లొచ్చి, అవి కూడా ఆగుతాయని మా నాయనకేం తెలుసు? నాకు తెలిసుండాల్సింది. మార్చలేదు. నీ తప్పు ఎంతో నాదీ అంతే. కానీ ఇప్పుడది బయటపెడితే ఏమవుద్ది? యలమందకి కాలొస్తదా? నీకు తాడు పట్టేవాడు మిగలడు, నా కేకకి నడిచేవాడు మిగలడు. తప్పు మిషను మీదికి పోయింది. పోనీ. మిషనుకి పెళ్లాం బిడ్డలు లేరు."

"నేను అబద్ధం ఆడలేదు మేస్త్రీ. నిజంగా తెలవదు. మిషను ఆగిందని..."

"తెలవదని నాకు తెలుసు. మీ అక్కకి తెలుసా?"

ఆ లోపల రోడ్డు మీద ఆటో ఆగింది.

దిగింది గురవమ్మే, కోటేషు అక్క, యలమంద పెళ్లాం. ఇరవై రోజులుగా తమ్ముడి మొహం చూడని మనిషి. ఒంగోలు ఆసుపత్రిలో నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి, చీర నలిగి గుడ్డపీలికలా ఉంది. చేతిలో ఫోను. బుల్లయ్య ఎదురెళ్లాడు. "అమ్మాయ్, మీ వాడి తప్పేం లేదు! మిషనుదే అంతా. సాయిబుగారు తేల్చారు. నిప్పు చచ్చిపోతందంట!"

గురవమ్మ అతన్ని దాటుకుని వచ్చేసింది. మిషను వంక కూడా చూడలేదు.

"నీ ఫోను ఏమైందిరా? పొద్దుట్నుంచి చేస్తన్నా."

"ఆపేశా అక్కా."

"ఆటో ఉంది. ఎక్కు. నేను నీతో మాట్లాడటానికి రాలేదు, ఆయన పంపితే వచ్చా." ఫోనులో టైము చూసుకుంది. "నాలుగింటికి కాలు తీస్తారంట. మోకాలి కింద నుంచి. చీము పైకెక్కింది, ఇవాళ తియ్యకపోతే మనిషే దక్కడంట. కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టడు."

"ఎందుకు పెట్టడు?"

"బుర్ర సరిగ్గా లేనోడి సంతకం చెల్లదు గదా అంటన్నాడు. తనకి పిచ్చి పట్టిందంట. నేను పెడతానంటే చెయ్యి పట్టుకుని గుంజేశాడు." అప్పటిదాకా బిగబట్టిన మొహం ఒక్కసారిగా చెదిరింది. "ఆ పొద్దు ఎవరో పిలిచారంట. పిలిస్తేనే చెట్టు కిందకి పోయానంటాడు. ముఠా అంతా ఎవరూ పిలవలేదంది. నువ్వూ పిలవలేదన్నావు. మరి నాకెట్టా వినపడిందే అంటాడు. తలకి దెబ్బ తగిలి ఇట్టా అయిపోయానంటాడు. కళ్లు తెరిచింది మొదలు అదే పాటరా. పిలిచాడు, పిలవలేదు, పిలిచాడు, పిలవలేదు. నువ్వొచ్చి నీ నోటితో చెబితే గానీ పెన్ను పట్టడంట."

సంజీవరావు చెయ్యి కోటేషు భుజం మీద పడింది. పెద్ద చెయ్యి, గొడ్డలి పట్టి కాయలు కాసిన చెయ్యి. మెల్లిగా నొక్కింది. "ఇప్పుడు బయల్దేరితే ఎట్టా లేదన్నా మూడున్నర. అందాకా ఎందుకు, ఫోనులో చెప్పిచ్చు అమ్మాయ్," అన్నాడు. "పిలవలేదని ఒక్క మాట. సరిపోద్ది."

గురవమ్మ నంబరు నొక్కింది. "జ్యోతీ, మీ నాన్న చెవి దగ్గర పెట్టు. మావయ్య మాట్లాడతాడు." ఫోనుని గట్టిగా వినపడేట్టు పెట్టి తమ్ముడి మొహం ముందు పట్టుకుంది.

అటు నుంచి ముందు ఊపిరి వినపడింది. తర్వాత యలమంద.

"కోటేషూ?"

"బావా."

"మొహమాట పడొద్దురా. నాకోసమని చెప్పొద్దు. జరిగింది చెప్పు. నన్ను పిలిచావా?"

భుజం మీద చెయ్యి బరువెక్కింది. కల్లం మీద నుంచి గాలి తిరిగింది గానీ ఎవరూ దగ్గలేదు.

"పిలవలేదు బావా," అన్నాడు కోటేషు.

అది నిజమే. పేరు పెట్టి పిలవలేదు. భుజం మీద చెయ్యి వదులయింది. ఫోనులోంచి చిన్నగా, పిల్లాడు బలపం పారేసుకుని చెప్పినట్టు:

"అంతేలే. నేను అనుకున్నా. అయితే ఇది పిచ్చేరా. జ్యోతీ, ఫోను తీసెయ్యమ్మా."

"తియ్యొద్దు! జ్యోతీ, తియ్యొద్దు!" కోటేషు రెండు చేతులతో అక్క చేతిని, ఫోనుని కలిపి పట్టుకున్నాడు. "బావా, విను. పిలవలేదు, కానీ కేకేశా. మిషను ఆగిపోయింది. ఆగిపోతే కేకేశా. 'ఆగిందీ' అని కేకేశా బావా. గట్టిగా. నువ్వు విన్నది నా గొంతే."

బుల్లయ్య నోట్లోంచి బీడీ జారి కిందపడింది. మార్కు తన చేతుల వంక చూసుకున్నాడు, తర్వాత మొద్దు వంక చూశాడు, తను కూర్చున్న చోటు నుంచి మొద్దు దాకా ఉన్న ఆరడుగుల నేల వంక చూశాడు. నోటి మీద గుడ్డ పెట్టుకున్నాడు.

ఫోనులో ఏదో చప్పుడు. ఏడుపనుకున్నారు. కాదు. యలమంద నవ్వుతున్నాడు. దగ్గుకుంటూ, నొప్పికి మూలుగుతూ, నవ్వుతున్నాడు.

"అమ్మయ్య," అన్నాడు. "అమ్మయ్యా. నా బుర్రకేం కాలేదే జ్యోతీ! సరిగ్గానే విన్నానే. 'ఆగింది' అనే విన్నా. ఆ కాయితం ఇటు తే. పెన్నో? పెన్నేది?"

ఫోను ఆగిపోయింది.

గురవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మూడు వారాలలో మొదటిసారి ఆమె భుజాలు దిగాయి. తమ్ముడి గడ్డం పట్టుకోబోయి, చెయ్యి మధ్యలో నిలిపింది. వీడెందుకు తన కళ్లలోకి చూడటం లేదు? కాయిల్ దొరికింది గదా, తప్పు తేలింది గదా, వీడి మొహమెందుకు శవం పక్కన కూర్చున్నవాడి మొహంలా ఉంది?

"ఏందిరా, ఆయన అంత నవ్వు నవ్వాడు?" అంది. "ఆగింది అంటే మిషను ఆగింది. అంతేగా?"

ఆమె బుల్లయ్య వైపు తిరిగింది. బుల్లయ్య కింద పడ్డ బీడీ కోసం వంగి, ఇక లేవలేదు. మార్కు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, వీపు ఎగిరెగిరి పడుతోంది.

"ఏమయ్యా మార్కూ, నువ్వెందుకు ఏడుస్తన్నావు? ఎవరన్నా చెప్పండయ్యా. అంతేగా?"

జుబేదా మంచం మీది దుప్పటి సర్దింది. సంజీవరావు తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"గురవమ్మా," అన్నాడు, "ముందు నువ్వు ఇట్టా వచ్చి కూర్చో."